తాడు లేని గుడ్డెలుగు

శంకరమ్మకు మంచి ఆలోచన ఎన్నడూ ముందు రాదు. భర్త బాలనర్సయ్య చక్కెర ఫ్యాక్టరీలో పని పాళీకి పోతే, ఏ యంత్రంలోనో చెయ్యి పడ్డట్టే అనిపిస్తుంది. అత్త లింగవ్వ పగటిపూట కాస్త ఎక్కువసేపు పడుకుంటే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఒకసారి అట్లా పెడితే ముసలమ్మ కళ్ళు తెరవకుండానే, "ఇంక బతికే ఉన్న తియ్యి. పోయి చాయ్ పెట్టు" అన్నది.

అట్లాంటి ఇంటికి, చెరుకు బండ్లు బోధన్ దారి పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం, ఐదో తరగతి చదివే కూతురు గంగామణి ఎగురుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది.

"అవ్వా! శనివారం మా బడోల్లందరిని నిజామాబాద్ తీస్కపోతున్నరు. సినిమాకు! బస్సు సుత మాట్లాడిండ్రు. ఇంగ్లీషు సినిమానట. అండ్ల గుడ్డెలుగు ఉంటదట. గింత గాదు, ఇల్లంత! ఒక పిల్ల దాని దోస్తట!"

శంకరమ్మ ఒళ్లో ఉన్న, బీడీలు చుట్టే చాటను పక్కకు జరిపింది. బస్సు అన్నప్పుడే గుండె సగం జారింది. ఎలుగుబంటి మాట ఎత్తేసరికి మిగతా సగమూ జారింది.

"వద్దు బిడ్డా."

"ఎందుకే?"

"వద్దంటె వద్దు."

ఎందుకో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పంటలు చేతికొచ్చే రోజుల్లో గుడ్డెలుగును ఆడించేవాడు వాడకు వస్తాడు. జడుసుకునే పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పితే జడుపు పోతుందని పెద్దల మాట. బాలనర్సయ్యను చిన్నతనంలో అట్లాగే తిప్పారు. గంగామణి రెండో తరగతిలో ఉన్నప్పుడు, ఉరుముకు ఉలిక్కిపడుతోందని లింగవ్వే ఆ పిల్లను ఎత్తి కూర్చోబెట్టింది. ఎలుగు రెండడుగులు వేసిందో లేదో, పిల్ల వాడంతా దద్దరిల్లేట్టు కేక పెట్టింది. దింపినా ఏడుపు ఆగలేదు. ఆ రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోయే జ్వరం. జడుపు పోవడానికి చేసిన పని జడుపునే తెచ్చిపెట్టిందని శంకరమ్మ అత్తను అనని మాట లేదు. ఆ తర్వాత ఎలుగువాడి డోలు ఎక్కడో వినబడితే చాలు, గంగామణి ఇంట్లోకి పోయి తలుపు వేసుకొని చెవులు మూసుకునేది. అట్లాంటి పిల్లను చీకట్లో కూర్చోబెట్టి ఇల్లంత ఎలుగును చూపిస్తారట!

మర్నాడు శంకరమ్మ బడికి పోయి, పంతులు లింబయ్య సారును వరండాలోనే పట్టుకుంది.

"సారూ, ఆ సినిమా మీరు సూసిండ్రా?"

"లేదమ్మా. పిల్లల సినిమానే, మంచిగుంటదన్నరు."

"సూడకుండనే తీస్కపోతరా సారు? కూరల ఉప్పు సుత రుచి సూసినంకనే పెడతం గద."

లింబయ్య సారు నవ్వాపుకోలేకపోయాడు. "అయితె నువ్వే పోయి రుచి సూసి రా తల్లీ. ఉప్పెక్కువైతె చెప్పు. శనివారం పొద్దున వరకు నీ బిడ్డ పేరు ఉంచుత."

సారు ఎగతాళికి అన్న మాటను శంకరమ్మ ఎగతాళిగా తీసుకోలేదు. నిజమే, చూసి వస్తే సరిపోదా? చూసి, జడుసుకునే సినిమానే అని తేల్చుకుంటే పిల్లకు గట్టిగా చెప్పవచ్చు.

పక్కింటి గంగుబాయి గాజుల వ్యాపారి. సరుకు కోసం నిజామాబాద్ పోతూ వస్తూ ఉంటుంది. పుట్టిల్లు ధర్మాబాద్ దిక్కు కావడంతో, ఆశ్చర్యమైనా కోపమైనా ఆమె నోటికి మరాఠీనే ముందొస్తుంది. పన్ను సలుపుతోంది, చూపించుకొస్తానని అత్తకు చెప్పి శంకరమ్మ ఆమె వెంట బస్సెక్కింది.

"పన్ను ఏ దిక్కు?" అని లింగవ్వ అడిగితే ఎడమ చెంప చూపించింది. తిరిగొచ్చినప్పుడు ఏ చెంప పట్టుకోవాలో మరిచిపోతానేమోనని ఎడపల్లి దాటేదాకా అదొక దిగులు.

"నీకు సినిమా సూడాలని ఉంటె సక్కగ చెప్పొద్దా?" అన్నది గంగుబాయి, సంగతి విని.

"నాకేం లేదక్క. పిల్ల కోసం."

"అగ బాయి! అందరు గట్లనే అంటరు."

టాకీసులో ఆడవాళ్ళ వైపు పెద్దగా మంది లేరు. శంకరమ్మ బయటికి పోయే తలుపు ఎక్కడుందో ముందు చూసుకుంది. దానికి బయట గడియ పెడతారా అని టికెట్లు చింపేవాణ్ణి అడిగింది. వాడు ఆమెను ఎగాదిగా చూసి, "జేల్ గాదమ్మా, సినిమా" అన్నాడు. ఆ తలుపు పక్క కుర్చీలోనే కొంగు కప్పుకొని కూర్చుంది.

దీపాలు ఆరిపోయాయి. మాటలు ఒక్కటీ తెలియలేదు. కానీ తెల్లగా, పత్తి ఆరబోసినట్టు మంచు కప్పిన కొండలు కనబడ్డాయి. ఒక చెక్క ఇల్లు, దాని ముందు కట్టెలు కొట్టే మనిషి, గంగామణి ఈడు పిల్ల. తెలియని దేశమే అయినా, ఆ పిల్ల పొయ్యి ఊదే తీరు చూస్తే తల్లి లేదని శంకరమ్మకు ఇట్టే తెలిసిపోయింది.

"తల్లి లేదక్క పాపం. అందుకే అడవిల తిరుగుతున్నది."

"ఉష్! సూడనియ్యి."

అప్పుడు చెట్లు కదిలాయి. మొదట వీపు కనబడింది, తర్వాత తల. గుడ్డెలుగే. ఫ్యాక్టరీ ముందర చెరుకు నింపుకొని నిలబడ్డ లారీ అంత ఉంది. శంకరమ్మ గంగుబాయి చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో, గంగుబాయి చేతిగాజు ఒకటి టప్పున పగిలింది.

పిల్ల పారిపోలేదు. ఎలుగు ముక్కు దగ్గరికి పోయి నిలబడింది. ఆ ముక్కొక్కటే పిల్ల అంత ఉంది. శంకరమ్మ చూపు అక్కడే ఆగిపోయింది.

"గంగక్కా, దానికి ముక్కుతాడు లేదు!"

"లేకపోతె లేదు."

"మరి ఎవరు పట్టుకుంటరు దాన్ని? ఎట్ల ఆగుతది?"

వాడకు వచ్చే ఎలుగు ఎంత? దూడంత. దానికి ముక్కు పొడిచి తాడు వేసి, తాడు చివర ఒక మనిషి, వాడి చేతిలో కట్టె. అంత కట్టుదిట్టం చేసినా శంకరమ్మ దగ్గరికి పోదు. ఇక్కడ ఇల్లంత ఎలుగుకు తాడు లేదు, కట్టె లేదు, మనిషి లేడు. పిల్ల ఎటు నడిస్తే అటు వస్తోంది. పిల్ల కూర్చుంటే కూర్చుంటోంది. ఏ మంత్రమో, ఏ పసరో పెట్టిందనుకుందామంటే అట్లాంటిదేమీ చూపించలేదు. శంకరమ్మ తనకు తెలియకుండానే ముందుకు వంగింది. కొంగు జారింది. పిల్ల చేతిలో ఏమైనా దాచిందా అని చూసింది. ఖాళీ చెయ్యి. ఎలుగు కళ్ళల్లోకి చూసింది. ఆ కళ్ళల్లో కోపం లేదు, మరేదో ఉంది. అదేమిటో తేల్చుకునే లోపల తుపాకులవాళ్ళు వచ్చారు.

తర్వాత అంతా పరుగే. ఇనుప బోను, వలలు, కుక్కలు. తరిమితే ఎలుగు నదిలో పడింది. నది నిండా గడ్డకట్టిన నీటి పలకలు కొట్టుకుపోతున్నాయి. ఒడ్డు మీది నుంచి పిల్ల చూసింది. చూసి, వెనక్కి రెండడుగులు వేసింది.

"దుంకుతది! గంగక్కా, దుంకుతదే!"

దూకింది. శంకరమ్మ లేచిన ఊపుకు కుర్చీ ఠప్పున మూసుకుంది. గంగుబాయిని రెక్క పట్టుకొని తలుపు వైపు లాగింది. ఎండలో వచ్చి పడేదాకా ఇద్దరూ ఆగలేదు.

బస్సులో గంగుబాయి పగిలిన గాజు చూపించి మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. "నడుమల గుంజుకొస్తవా! ఏమైందో ఏమో! నువ్వు కండ్లు మూసుకుంటె అయిపోతుండె గద, నా కండ్లు ఏం జేసినయ్?"

"ఏమైతదక్క, చచ్చిపోతది. గంత సలి నీల్లల్ల ఎవరు బతుకుతరు?"

"ఎవరు? పిల్లనా, ఎలుగా?"



ఇంటికి వచ్చేసరికి గంగామణి గుమ్మంలో ఉంది. గంగుబాయి ఊరుకోలేదు. "మీ అవ్వ నీ సినిమా సూసొచ్చింది, సగం!" అని చెప్పేసి తన ఇంట్లోకి పోయింది. లోపలి నుంచి లింగవ్వ, "పన్ను సినిమాల పీకిండ్రా?" అన్నది.

దాచి లాభం లేకపోయింది. గంగామణి తల్లి దగ్గరికి జరిగి కూర్చుంది. శంకరమ్మ చాట ముందర పెట్టుకొని, ఆకు కత్తిరిస్తూ, ఎంత భయంకరంగా చెప్పాలో అంత భయంకరంగా చెప్పడం మొదలుపెట్టింది. "లారీ అంత ఉంటది బిడ్డా. పండ్లు కొడవండ్ల లెక్క. ఒర్రిందంటె సెట్ల మీద మంచు రాలుతది. నువ్వు సూస్తె పానం పోతది."

గంగామణి రెప్ప వేయకుండా విని, ఒక్కటే అడిగింది.

"దాని ముక్కుకు తాడున్నదా అవ్వా?"

"లేదు. గదే గద భయం!"

పిల్ల ముఖం విచ్చుకుంది. "లేదా? ఒట్టు?"

"ఒట్టు. ఎందుకే?"

"వాడు మనూరికి తెచ్చిన ఎలుగుకు ఉండె. నన్ను కూసోబెట్టినప్పుడు మీదికెల్లి కనవడ్డది. ముక్కు బొక్కల కెల్లి తాడు. ఎర్రగ ఉండె, తడితడి. అది నడవాలని వాడు గుంజిండు. నేను కూసున్ననని గుంజిండు."

శంకరమ్మ చేతిలో కత్తెర ఆగింది. "అందుకు ఒర్రినవా? జడుసుకోలేదా?"

"దానికి నొప్పైతున్నదని ఒర్రిన."

"మరి చెప్పలేదేందే?"

"చెప్పిన. జరంల పండుకొని చెప్పిన. 'నొప్పైతుంది, తాడు తీయండి' అన్న. బాపమ్మ 'పిల్ల కలవరిస్తున్నది' అని నా మీద దుప్పటి కప్పింది."

లోపల బాపమ్మ లింగవ్వ లేచి కూర్చుందేమో, మంచం కిర్రుమన్నది. శంకరమ్మ చెయ్యి దానంతటదే ముక్కుపుల్ల మీదికి పోయింది. ఆ మాట ఆమె కూడా విన్నది. జ్వరం మాట అనుకొని తడిగుడ్డ పిండి వేసింది. ఇన్నాళ్ళూ పిల్ల తలుపు వేసుకుంటే, జడుసుకుని వేసుకుందనే అనుకున్నది.

"తర్వాత ఏమైంది?" అన్నది గంగామణి. "నదిల దుంకినంక?"

"నాకు తెల్వది. లేచొచ్చిన."

"లేచొచ్చినవా!" పిల్ల గంగుబాయి కన్నా ఎక్కువ కోపంగా చూసింది. "గదొక్కటి సూడకుండ ఎట్ల వస్తరే ఎవరన్న?"

శనివారం పొద్దున బడి ముందర బస్సు నిలబడింది. శంకరమ్మ డ్రైవర్‌ను చూసింది, చక్రాలను చూసింది, డ్రైవర్ నోటి దగ్గర తాగిన వాసన వస్తోందేమోనని దగ్గరికి పోయి టైమెంతైందని అడిగింది. గంగామణి చేతిలో నీళ్ళ సీసా, రొట్టెల మూట, రుమాలు పెట్టింది. తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చోమంది. లింబయ్య సారు, "ఉప్పు సరిపోయిందా శంకరమ్మా?" అంటే, "సగమే సూసిన సారు" అన్నది.

బస్సు కదిలాక కిటికీ వెంట నాలుగడుగులు నడిచింది. "కిటికీల కెల్లి చెయ్యి పెట్టకు! గా నది కాడ... కండ్లు మూసుకోకు బిడ్డా, మంచిగ సూడు!"

ఆ రోజు బీడీలు సాగలేదు. దారం తెగింది, ఆకు చినిగింది. బస్సు బోర్లా పడ్డట్టు ఒకసారి అనిపించింది. టాకీసు కాలిపోయినట్టు ఒకసారి అనిపించింది. ఆ రెండింటి నడుమ, గడ్డకట్టిన నీటి పలకల మీద నల్లటి వీపు ఒకటి తేలుతూ మునుగుతూ పోయింది. దాన్ని మాత్రం ఆమె వద్దనుకోలేకపోయింది.

ఎండ వాలేసరికి ఫ్యాక్టరీ రోడ్డు మీదికి పోయి నిలబడింది. బస్సు వచ్చింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. గంగామణి చివరికి దిగింది. ముఖం ఎర్రగా ఉంది, ఏడ్చిందో నవ్విందో తెలియడం లేదు. నుదురు ముట్టి చూడాలని శంకరమ్మ చెయ్యి చాపింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"గుడ్డెలుగు ఏమైందే?"

"ఆకలైతుంది. ఇంటికి పోయి చెప్త."

"ఒక్క ముక్క చెప్పు. బతికిందా?"

"గట్ల నడుమల కెల్లి చెప్తే మంచిగుండది. మొదటి కెల్లి చెప్పాలె." పిల్ల ముందు నడిచింది. ఖాళీ సీసా పట్టుకొని తల్లి వెనక నడిచింది. నాలుగడుగులు పోయేసరికి గంగామణికే ఆగలేదు. వెనక్కి తిరిగి, చేతులు రెండూ చాపి, "పిల్ల దుంకిందా? దాని మెడ మీద పడ్డది. అప్పుడు ఎలుగు ఏం జేసిందంటె..." అని మొదలుపెట్టింది.

అదే సమయానికి ఫ్యాక్టరీ వైపు పోయే చెరుకు బండ్లు వరసగా వచ్చాయి. చక్రాల కిర్రు, గంటలు, బండ్లవాళ్ళ అదిలింపులు. పిల్ల పెదవులు కదులుతున్నాయి, చేతులు ఈదుతున్నాయి, కళ్ళు మెరుస్తున్నాయి. శంకరమ్మ ఆ పెదవులకేసి వంగి నిలబడింది.

"ఆగు ఆగు! బండ్ల సప్పుడుల ఇనవడలే. మల్ల చెప్పు."