పచ్చగళ్ళ చొక్కా

వాన, అనుకున్నాను, రేకుల మీద పడే తొలి వాన, ముందు నాలుగు చినుకులు, తర్వాత నలభై, ఆ తర్వాత లెక్కకందనన్ని, డాబా మీద ఆరేసిన గుడ్డంతా తడిసిపోతుంది, చిన్నాన్న పరిగెత్తాలి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాలి, భుజాల నిండా గుడ్డ తాను చుట్టుకుని రాజుగారిలా దిగాలి, కత్తిరించే ముందు గుడ్డను నీళ్ళలో నానబెట్టాలి తల్లీ, ముడుచుకోవాల్సిందంతా అది ముందే ముడుచుకోవాలి, మనిషి ఒంటి మీదికెళ్ళాక ముడుచుకోకూడదు, అని దిగుతూ దిగుతూ చెప్పాలి, అనుకుంటూ, కుట్టుమిషను మీద వాల్చిన నుదురు ఎత్తకుండానే, భోజనం తర్వాత మూసిన కళ్ళు తెరవకుండానే, ఇనుము గుండా నుదుటిలోకి వస్తున్న ఆ చప్పుడును కాసేపు వానగానే ఉండనిచ్చాను, ఎందుకంటే ఆ వానలో చిన్నాన్న ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నాడు, కళ్ళు తెరిచేసరికి వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది, అది వాన కాదు, చప్పట్లు, ఇస్త్రీ ఆయన ఫోనులో, ఏదో దూరదేశపు జైలు గేటు ముందు గుంపుగా నిలబడ్డ మనుషుల చప్పట్లు.

చూడమ్మా చూడు, నిద్ర తర్వాత పోదువుగాని, అని ఇస్త్రీ ఆయన ఫోనును దారపు రీళ్ళకు ఆనించి నిలబెట్టాడు, కాజాలు కుట్టే అత్త సూది పట్టిన చేతిని గాల్లోనే ఆపి ముందుకు వంగింది, కోటు చేతులు పొట్టి చేయించుకుందామని వచ్చిన బడి టీచరమ్మ ఒక చేయి తొడిగి ఒక చేయి తొడగకుండానే నిలబడిపోయింది, గేటు తెరుచుకుంది, చేయని నేరానికి ఇరవై ఆరేళ్ళు లోపల ఉన్న మనిషి బయటికి వచ్చాడు, కోటు భుజాలు రెండంగుళాలు జారి ఉన్నాయి, అది తన కొలతకు కుట్టినది కాదు, ఎవరో ఇచ్చినది, అని నా కళ్ళు ముందు దాన్నే చూశాయి, మొహం తర్వాత చూశాయి, మా వృత్తిలో ఉన్న జబ్బే అది, మనిషి కన్నా ముందు బట్ట కనబడుతుంది, ఆ మనిషి కారు దాకా నడిచాడు, తలుపు ముందు ఆగాడు, ఆగి అలా నిలబడే ఉన్నాడు, ఎందుకెక్కడం లేదు, అంది టీచరమ్మ, ఇన్నేళ్ళూ ఏ తలుపూ తన చేత్తో తియ్యలేదు కదండీ, ఎవరో వచ్చి తీస్తారని చూస్తున్నాడు, అంది కాజాల అత్త, దాంతో ఇస్త్రీ ఆయన మొహం పక్కకు తిప్పి భుజం మీద తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు, పొద్దుటి నుంచి ఊరంతా ఇదే మాట, బస్సులో ఇదే, పాల దుకాణం దగ్గర ఇదే, ఆ దేశం ఏ దిక్కున ఉందో తెలియనివాళ్ళు కూడా ఆ మనిషి పేరును సొంత మేనమామ పేరంత చనువుగా పలుకుతున్నారు, కండక్టరైతే టికెట్లు కొట్టడం మానేసి, ఇదే మన దగ్గరైతేనా, అని మొదలుపెట్టి రెండు స్టాపులు దాటించేశాడు.

ఇంతకీ సాక్ష్యం చెప్పిందెవరట, ఎనిమిదేళ్ళ పిల్లట, ఎదురింటి కిటికీలోంచి చూశానందట, ఆ పిల్లే పెరిగి పెద్దదై తనంతట తను కోర్టుకు వెళ్ళి, నేను చూసింది అతన్ని కాదు, అని చెప్పిందట, అంతా అయ్యాక చెబితే ఏం లాభం, అన్నాడు ఇస్త్రీ ఆయన, దాన్నీ ఇరవై ఆరేళ్ళు లోపల వెయ్యాలి, అప్పుడు చెల్లుకి చెల్లు, అన్నాడు, నీ పెట్టె కన్నా నీ నోరే ఎక్కువ కాలుతుందయ్యా, అంది కాజాల అత్త దారం కొరుకుతూ, మొన్న బస్టాండుకు దారి అడిగితే శ్మశానానికి పంపావు, నువ్వా తీర్పులు చెప్పేది, పసిపిల్లను పట్టుకుని అడిగారే, ఆ పెద్దవాళ్ళననవేం, ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని చూస్తున్నానండీ, అంది టీచరమ్మ, పిల్లలు పొరబడతారు, అది తప్పు కాదు, పొరబాటని తెలిశాక కూడా ఊరుకుంటే మాత్రం అది అబద్ధమే, అంది, నేను తల వంచుకుని ఆమె కోటు చేతికి సుద్దతో గీత గీస్తున్నాను, గీత వంకర పోయింది, నా వెనక, గోడ వైపు తిరిగి కుడుతున్న నాన్న మిషను ఆగింది.

నాన్న వీపు, వెనక నుంచి చూస్తే అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వీపు, మీకు రెండు కొలతలు రాయడం దండగరా, ఒక్కటి రాసుకుంటే చాలు, అనేవాడు తాతయ్య, అన్నట్టే ఏటా ఒకే తానులోంచి ఇద్దరికీ చొక్కాలు కత్తిరించేవాడు, ఒకడికి ఎక్కువ ఒకడికి తక్కువ అన్న మాట ఇంట్లో పుట్టకూడదని, ఆ ఏడాది పచ్చగళ్ళు, తెలుపు మీద సన్నటి ఆకుపచ్చ గళ్ళు, ఆ చొక్కా జేబులో చిన్నాన్న నాకోసం రంగు సుద్దముక్కలు వేసుకొచ్చేవాడు, కత్తిరింపుల్లో రాలిన పీలికలతో నా బొమ్మకు కోటు కుట్టేవాడు, అగ్గిపుల్ల తలంత గుండీలు పెట్టి, మీ బొమ్మగారు ట్రయలుకు ఎప్పుడొస్తారండీ, అని మొహం బిగించి అడిగేవాడు, రేపొస్తారండీ అని నేను, రేపు మాకు సెలవండీ అని తను, ఎల్లుండి అని నేను, ఎల్లుండి మీ బొమ్మగారికి బడి ఉంది కదండీ అని తను, ఇద్దరిలో ఎవరు ముందు నవ్వితే వాళ్ళు ఓడినట్టు, ఎప్పుడూ తనే ఓడేవాడు, ఈల వేస్తూ కుట్టేవాడు, చక్రం తొందరపడితే పాట తొందరపడేది, చక్రం మందగిస్తే పాట మందగించేది, తొక్కుడు పలక పక్కన నేల మీద కూర్చుని, ఆ చక్రం గాలి చెంపకు తగులుతుంటే నేను అక్షరాలు దిద్దుకున్నాను, నా తొమ్మిదో ఏట ఈ లోకంలో పచ్చగళ్ళ చొక్కా ఒక్కటే ఉండేది, అదే చిన్నాన్న.

ఆ రోజు నాకు జ్వరం, బడి లేదు, దుకాణానికి ఎదురుగా మేడ మీద మా గది, కిటికీ పక్కన మంచం, గడ్డం దాకా దుప్పటి, సాయంత్రపు వెలుతురు వీధిలో పలచబడుతోంది, జ్వరం కళ్ళకు అంతా నీళ్ళ అడుగు నుంచి చూస్తున్నట్టుంది, ఎదుట దుకాణం షట్టరు దిగుతోంది, పచ్చగళ్ళ వీపు వంగింది, చేత్తో కిందికి లాగింది, ఆఖరి జానెడు మేర కాలితో తొక్కింది, గబగబా నడిచి మలుపు తిరిగిపోయింది, తర్వాత కాసేపు నిద్రపోయాను కాబోలు, లేచేసరికి షట్టరు అంచు కింద నుంచి పొగ, ముందు దారమంత, తర్వాత తాడంత, తర్వాత వీధంత, జనం పెళ్ళిళ్ళకని పండగలకని నమ్మి ఇచ్చిన బట్టలన్నీ, కుట్టినవీ కుట్టబోయేవీ, తాతయ్య నలభై ఏళ్ళ కొలతల పుస్తకాలూ, అన్నీ పోయాయి, మా జుట్టులోంచి ఆ వాసన నెల దాకా పోలేదు, ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపకుండా వెళ్ళారు, అన్నారు చూసినవాళ్ళు, చివర వెళ్ళిందెవరు, అన్నాడు తాతయ్య, నేను ముందే వెళ్ళాను నాన్నా, అన్నాడు చిన్నాన్న, నాన్న మాత్రం, ఎవరు వెళ్ళినా ఆపే ఉంటారు కదా, అని నేల వైపు చూస్తూ అన్నాడు, తాతయ్య మసి చేతులతోనే మేడెక్కి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు, తల్లీ, కిటికీ దగ్గరే ఉన్నావుగా, షట్టరు వేసింది ఎవరమ్మా, చిన్నాన్న, అన్నాను, వెంటనే అన్నాను, పెద్దవాళ్ళు నన్నొక మాట అడిగారని, దానికి జవాబు నాకు తెలుసునని, గర్వంగా కూడా అన్నాను.

అంతే, కోర్టు లేదు, వకీలు లేడు, తీర్పు అయిపోయింది, అన్నం పెట్టిన దుకాణాన్ని తగలబెట్టినవాడు, అని వీధి ఈ చివర అంటే ఆ చివర వినబడింది, ఎక్కడ పని అడిగినా ఇస్త్రీపెట్టె ఛాయలకు రానివ్వలేదు, వారం తిరక్కుండా ఊరు వదిలాడు, ఆ తర్వాత తాతయ్య బతికిన రెండేళ్ళూ ఆ పేరు ఎత్తనివ్వలేదు, తాతయ్య పోయాక కూడా ఆ అలవాటు పోలేదు, వాడు, ఆ మనిషి, అప్పట్లో ఉండేవాడే, ఇలా ఆ పేరు ఉండాల్సిన చోటును తప్పించుకుంటూ మా ఇంట్లో మాటలు నడిచేవి, గుంట ఉన్న చోట జనం పక్కకు తప్పుకుని నడిచినట్టు, కోటు కత్తిరిస్తే ఒంటికి పోతపోసినట్టు కుదిర్చే ఆ చేతులు ఇప్పుడు ఏదో ఊళ్ళో ఆసుపత్రి కుట్టుగదిలో దుప్పట్లకు అంచులు మడుస్తున్నాయట, రోజంతా ఒకటే తిన్నటి గీత, మెడ లేదు, భుజం లేదు, మనిషే లేడు, నేను పన్నెండో ఏట ఒక సాయంత్రం వీధికి ఈవల నిలబడి, కొత్త దుకాణం మూస్తున్న నాన్నను చూశాను, చేత్తో లాగాడు, ఆఖరి జానెడు కాలితో తొక్కాడు, చిన్నాన్న ఎన్నడూ అలా తొక్కి ఎరగడు, గొంతుకూర్చుని, పసిపిల్లను పడుకోబెడుతున్నట్టు చప్పుడు కాకుండా దించేవాడు, నాకు ఆ వీధిలోనే, ఆ నిలబడ్డ చోటే, మళ్ళీ జ్వరం వచ్చినట్టయింది, అప్పటి నుంచి ఇరవై ఒక్క ఏళ్ళు, చెబితే చిన్నాన్న వస్తాడు, నాన్న పోతాడు, చెప్పకపోతే నాన్న ఉంటాడు, చిన్నాన్న ఉండడు, ఇద్దరిలో ఒక్కరే నాకు మిగిలే బతుకు, ఆసుపత్రి నంబరు మూడేళ్ళుగా నా ఫోనులో ఉంది, వేలు దాని దాకా వెళ్తుంది, వెనక్కి వస్తుంది.

ఏమ్మా, ఇంతమందిమి ఇంత గోల చేస్తుంటే నువ్వొక్కదానివే పెదవి విప్పవు, నువ్వేమంటావు, అంది టీచరమ్మ, నేను చేతిలో సుద్ద బల్ల మీద పెట్టాను, ఆ పిల్లనేమీ అనకండి, అందామనుకున్నాను, నోట్లోంచి వచ్చింది వేరే మాట, నేనూ అలాంటి పిల్లనేనండీ, అన్నాను, మా చిన్నాన్న మీద చెప్పాను, మొహం చూడలేదు, చొక్కా చూశాను, దుకాణం కాలింది ఆయన వల్ల కాదు, అన్నాను, అక్కడితో ఆగాను, ఆ తర్వాతి మాట నాది కాదనిపించింది, గోడ వైపున్న ఆ వీపును చూసే ధైర్యం లేక టీచరమ్మ కోటు చేతి మీది వంకర గీతనే చూస్తూ నిలబడ్డాను, కాజాల అత్త సూదిని గుడ్డలో గుచ్చి వదిలేసింది, ఇస్త్రీ ఆయన గొంతు సవరించుకుని, ఎప్పటిదో సంగతి, ఇంటి విషయం, ఇప్పుడు తవ్వుకుని ఎవరికి సుఖమమ్మా, అన్నాడు, ఇందాక పరాయి దేశపు మనిషి కోసం తువ్వాలు తడుపుకున్న ఆయనే, దూరాన జరిగితే అన్యాయం, పక్కింట్లో జరిగితే ఇంటి విషయం, అని నాకు కోపం రాబోయింది, రాలేదు, ఇన్నేళ్ళూ నేను నాకు చెప్పుకుంటూ వచ్చిందీ అదే కదా, అంతలో కుర్చీ కిర్రుమంది, నాన్న ఇటు తిరిగాడు, ఆ చొక్కా నాది, అన్నాడు, ఇస్త్రీ ఆయనతో కాదు, టీచరమ్మతో కాదు, నాతోనూ కాదు, పిల్లకు జ్వరమని మందు కోసం తొందరలో వెళ్ళిపోయాను, పెట్టె ఆపాననుకున్నాను, మంటలు చూశాక తెలిసింది, చెబుదామని నోరు తెరిచేలోపే పిల్ల వాడి పేరు చెప్పింది, తెరిచిన నోరు మూసుకున్నాను, దానికి తెలియదు, నాకు తెలుసు, వాడికీ తెలుసు, అన్నాడు.

వాడికీ తెలుసు, ఆ రెండు మాటలూ నా లోపల ఎక్కడో తగిలి ఆగిపోయాయి, నంబరుందా, అని నాన్న అడుగుతున్నాడు, ఉందని ఎలా తెలుసో అడగలేదు నేను, నొక్కి, నేనే ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను, అవతల మోగుతోంది, ఒకటి, రెండు, ఆ మోతల మధ్య ఎప్పుడూ తలుచుకోవడానికి ఇష్టపడని ఒక పొద్దు కదిలి వచ్చింది, చిన్నాన్న సంచీ భుజాన వేసుకుని మా గదిలోకి వచ్చాడు, మంచం పక్కన గొంతుకూర్చున్నాడు, నుదుటి మీద చేయి వేసి, తగ్గిందే, అన్నాడు, మళ్ళీ ఎవరైనా అడిగినా అదే చెప్పు తల్లీ, మాట మార్చకు, అన్నాడు, నవ్వలేదు, వెళ్ళిపోయాడు, అది కోపమనుకున్నాను, దెప్పిపొడుపనుకున్నాను, నువ్వు చేసింది చాల్లే అన్నట్టు విన్నాను, ఇరవై నాలుగేళ్ళూ అలాగే వింటూ వచ్చాను, మూడు, నాలుగు, చిన్నాన్న తను కాదని గట్టిగా నిలబడి ఉంటే తాతయ్య మళ్ళీ మేడెక్కేవాడు, మళ్ళీ నా మంచం మీద కూర్చునేవాడు, బాగా గుర్తు తెచ్చుకో తల్లీ, అనేవాడు, నేను గుర్తు తెచ్చుకునేదాన్ని, కాలితో తొక్కిన ఆ ఆఖరి జానెడు నా కళ్ళలో ఉండనే ఉంది, తొమ్మిదేళ్ళ నోటితో, నాన్న, అని చెప్పాల్సి వచ్చేది, ఆయన ఊరు వదిలింది నేను చెప్పిన మాటకు కాదు, నన్ను రెండోసారి ఎవరూ అడగకూడదని వెళ్ళాడు, అయిదు, అవతల ఎత్తారు, కుట్టుగదండీ, ఎవరు కావాలి, కాస్త ముసలిదైంది గానీ అదే గొంతు, హలో, ఎవరండీ, అంటోంది మళ్ళీ, నాన్న రెండు చేతులతో ఫోనును నా చేతితో సహా పట్టుకుని, తమ్ముడికి మీసాలొచ్చాక కూడా మానకుండా పిలిచిన పేరుతో, మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరి నోటా వినబడని పేరుతో, మెల్లగా, బుల్లీ, అన్నాడు.