ఆర్డ్‌నవీ ఇంటి యజమానులు

"టైంపాస్ అవుతుంది కదా, చేసుకో," అన్నాడు శ్రీధర్, ఇడ్లీ తుంచి అల్లప్పచ్చడిలో అద్దుకుంటూ.

అపర్ణ అప్పుడు ఇడ్లీ రేకుల్లో రెండో వాయి పోస్తోంది. ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు సరికదా, వద్దనలేదని సంతోషమేసింది. చూశారా, పదమూడేళ్ల కాపురంలో ఆడమనిషికి ఎంత చిన్నదానికి సంతోషించడం అలవాటైపోతుందో! ఆమె అడిగింది పట్టుచీరా కాదు, నగా కాదు. స్కాట్లండ్‌లో ఎక్కడో ఉత్తరాన ఆర్డ్‌నవీ అని ఒక పాత జమీందారీ ఇల్లుంది. లాక్‌డౌన్‌లో జనం ఎటూ ఇళ్లలోనే ఉన్నారు గనక, ఆ ఇంటిని చూసుకునే ట్రస్టువాళ్లు పాత కాగితాలు ఫొటోలు తీసి పంపిస్తాం, చదివి ఎత్తిరాసిపెట్టేవాళ్లు కావాలి అని ఊరి లైబ్రరీ పేజీలో ప్రకటన ఇచ్చారు. ఆ ఇల్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో తేలితే ఒక చిన్న పుస్తకం వేస్తారట. జీతం లేదు. జీతం లేని పని అపర్ణకి కొత్తేమీ కాదు కదా!

ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న లూకన్‌లో వాళ్లది మూడు పడకగదుల ఇల్లు. కరోనా వచ్చాక చిన్న గది శ్రీధర్‌కి ఆఫీసైంది, మధ్య గది పదకొండేళ్ల సుధేష్ణకి బడైంది. కింద హాలు అత్తగారు రమాదేవిది. ఆవిడ జనవరిలో మూడు నెలలకని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయారు. తలుపు వేసుకునే హక్కు ముగ్గురికీ వచ్చింది. అపర్ణకి వంటగది మిగిలింది, దాని తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇస్త్రీ బల్ల కాళ్లు కొంచెం ఎత్తు పెంచి, దాని మీద కూతురి పాత లాప్‌టాప్ పెట్టుకుని, తెల్లవారుజామున అయిదింటికి పనిలో కూర్చునేది. కూర్చునేది అన్నాను గానీ, నిలబడేది. ఏడున్నరకి లాప్‌టాప్ తీసి బట్టలు పరిచేది.

పెళ్లికి ముందు ఆమె నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చదివింది. ఆ తరవాత రెండేళ్లు కరణాల గొలుసుకట్టు రాత మీద పనిచేసింది. కలం పైకెత్తకుండా, అక్షరానికీ అక్షరానికీ సందు లేకుండా రాసుకుపోయే రాత అది. దాన్ని చదవడానికి వాళ్ల మేస్టారు ఒక కిటుకు చెప్పారు. కాగితంలో నీకు ముందే తెలిసిన పేరొకటి పట్టుకో, ఆ పేరులోని అక్షరాలతో మిగతాదంతా విప్పుకుంటూ పో అని. మూడొందల ఏళ్ల నాటి స్కాట్లండ్ గుమాస్తాల వంకర రాత కూడా ఆ కిటుక్కే లొంగింది. మొదటి కాగితానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున ఆ కాగితం గడగడా చదివేసి, వంటగదిలో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది పిచ్చిది.

తప్పు మాత్రం మొదట్లోనే జరిగింది. ఆ ఇంట్లో ఈమెయిల్ ఒక్కటే, శ్రీధర్ పేరు మీద. వీసా కాగితాల నాటి నుంచీ అంతే. బడికీ, జీపీ డాక్టరుకీ, కరెంటు వాళ్లకీ అన్నిటికీ అదే. అపర్ణ తనకని వేరే ఒకటి పెట్టుకోవాలని ఎన్నడూ అనుకోలేదు, ఒకే కంచంలో తిన్నంత మామూలుగా ఉండేది ఆ సంగతి. ఆమె రాసిన ఉత్తరం కింద "శ్రీధర్, సీనియర్ ఆర్కిటెక్ట్" అని దానంతట అదే పడిపోయింది. "డియర్ శ్రీధర్" అని జవాబొచ్చింది. ట్రస్టులో ఈ పని చూసే ఐలీన్ అనే పెద్దావిడ రాసింది.

"అయ్యో, నేనని చెప్పాలండీ," అంది అపర్ణ.

"ఇప్పుడు మార్చడం దేనికే, వాళ్లకి అనవసరంగా కన్ఫ్యూజన్. నువ్వూ నేనూ వేరా?" అన్నాడు శ్రీధర్. ప్రేమగానే అన్నాడు. అదే వచ్చిన చిక్కు. కసిరి ఉంటే ఆమె ఎదురు చెప్పేదేమో, ప్రేమగా అనేసరికి నోరు పెగల్లేదు.

ఎనిమిది నెలలు చదివింది. పదిన్నరకి శ్రీధర్ టీ, పన్నెండుకి అత్తగారి బీపీ మాత్ర, ఒంటిగంటకి సుధేష్ణ ఐరిష్ పాఠం, మధ్యలో దొరికిన పావుగంటా అరగంటా ఆర్డ్‌నవీ. "అమ్మాయ్, చచ్చిపోయిన తెల్లవాళ్ల ఆస్తి గొడవ మనకెందుకే? పప్పు అడుగంటుతోంది చూడు," అనేవారు రమాదేవి. ఐలీన్ దగ్గర్నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చినప్పుడల్లా శ్రీధర్ భోజనాల దగ్గర పైకి చదివేవాడు. "'శ్రీధర్, మీ ఓపికకి మేమంతా ఆశ్చర్యపోతున్నాం' అట! చూశావా అమ్మా!" అని నవ్వేవాడు. మొదట్లో అది వేళాకోళం. నవంబరు వచ్చేసరికి ఆ నవ్వు కాస్త తగ్గింది. ఆఫీసు వాళ్లతో మాట్లాడుతూ, "నాకూ హిస్టరీ అంటే కొంచెం పిచ్చి," అనడం అపర్ణ మెట్ల మీద బట్టల బుట్టతో దిగుతూ వింది. అదేమిటని అడగబోయింది. అయినా ఏం అడుగుతుంది?

ఆ నవంబరులోనే ఆమెకి ఇసొబెల్ దొరికింది.

ట్రస్టువాళ్ల దగ్గరున్న పాత జాబితాలో యజమానులంతా మగవాళ్లే. 1698లో ఇల్లు హ్యూ ఫ్రేజర్‌కి "సంక్రమించింది" అని ఉంది. ఎలా సంక్రమించింది, ఆకాశంలోంచి ఊడిపడిందా? కాగితాలు తిరగేయగా తేలిందేమిటంటే, ఆ ఇల్లు ఇసొబెల్ మన్రో అనే అమ్మాయిది. తండ్రికి ఒక్కతే కూతురు. ఆయన పోతే ఇల్లూ పొలాలూ ఆమెకొచ్చాయి. హ్యూ ఆమెని చేసుకుని ఆ ఇంటికి వచ్చినవాడు, అప్పటికే మొదటి భార్యకి ఇద్దరు కొడుకులున్నవాడు. పెళ్లైన నాలుగేళ్లకి ఇసొబెల్ ఆ ఇంటిని భర్తకీ అతని కొడుకులకీ రాసిచ్చేసింది. కింద సంతకం మాత్రం ఇసొబెల్ మన్రో అనే ఉంది. పెళ్లైనా అక్కడి ఆడవాళ్లు పుట్టింటి పేరే రాసేవాళ్లట.

ఆ పత్రానికి ఇంకో కాగితం కుట్టి ఉంది. భార్య తన ఆస్తి భర్తకి రాసిస్తే, ఆ దేశంలో ఒక పద్ధతి ఉండేది. న్యాయాధికారి భర్తని బయటికి పంపించి, ఆమెని ఒక్కదాన్నే నిలబెట్టి అడిగేవాడు: అమ్మా, నిన్నెవరైనా బలవంతపెట్టారా, భయపెట్టారా? లేదని ఆమె ప్రమాణం చేసి చెప్పాలి. అది రాసుకునేవారు. ఇసొబెల్ కూడా చెప్పింది. "భర్త ఎదుట లేని సమయమున, నా ఇష్టప్రకారమే" అని చెప్పింది.

అది చదివి అపర్ణ, పోన్లే, ఎవరో ఒకరు అడిగారు కదా అనుకుంది. వారం తరవాత ఉత్తరాల కట్టలో ఇసొబెల్ తన పిన్నికి రాసుకున్న ఉత్తరం తగిలింది. సగం చెమ్మకి పోయింది. మిగిలిన సగంలో ఈ రెండు వాక్యాలున్నాయి. "పెద్దమనిషి చాలా దయగా అడిగాడు పిన్నీ. కానీ తలుపవతల ఆయన దగ్గు నాకు వినిపిస్తూనే ఉంది." హ్యూ పోయిన ఏడాదే సవతి కొడుకు ఆమెని పుట్టిన ఇంట్లోంచి పంపించేశాడు. ఆ తరవాత ఏ కాగితంలోనూ ఆమె పేరు లేదు. అపర్ణ స్టవ్ కట్టేసి, ఇస్త్రీ బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. ఎప్పుడో పోయిన ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అంత ఏడుపేమిటో ఆమెకే తెలియలేదు.

ఆ అధ్యాయం ఆమె నలభై పేజీలు రాసింది. తన జన్మలో అంత బాగా ఇంకేదీ రాయలేదు. రాశాక శ్రీధర్‌కి ఇచ్చి, "ఈసారి నా పేరుతో పంపుదామండీ," అంది. "ఇప్పుడు చెప్తే ఇన్నాళ్లూ అబద్ధమాడామని అనుకోరూ? నా పరువు సంగతి ఆలోచించు," అన్నాడు శ్రీధర్. ఆమె ఆలోచించింది. అతని పరువు గురించి ఆలోచించడం ఆమెకి బాగా అలవాటైన పని.

మార్చిలో జూమ్‌లో పుస్తకం విడుదల. పైన ఇస్త్రీ చొక్కా, కింద లాగూతో శ్రీధర్ కూర్చున్నాడు. కెమెరాకి కనపడకుండా మంచం అంచున అపర్ణ, ఒళ్లో ప్రశ్నలూ జవాబులూ రాసిన కాగితాలు. పరీక్షకి పిల్లాణ్ని తయారుచేసినట్టు వారం రోజులు తయారుచేసింది అతన్ని. బాగానే మాట్లాడాడు. "లాక్‌డౌన్‌లో సరదాగా మొదలుపెట్టాను," అన్నాడు. ఎవరో ముసలాయన, చెమ్మకి పోయిన ఆ ఉత్తరం ఎలా చదివారండీ అని అడిగాడు. శ్రీధర్ నీళ్లు నమిలాడు. అపర్ణ గబుక్కున కాగితం మీద రాసి జరిపింది. అతను చూసి చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మంలోంచి రమాదేవి కొంగుతో కళ్లు తుడుచుకుని, కొడుక్కి దిష్టి తీయాలి అన్నారు. సుధేష్ణ మాత్రం తల్లి వంక అదోలా చూసి, "అమ్మా, దట్స్ నాట్ ఫెయిర్ లైక్," అని ఐరిష్ పిల్లల యాసలో అనేసి తన గదిలోకి వెళ్లిపోయింది.

నెలాఖరుకి పోస్టులో పుస్తకం వచ్చింది. అట్ట మీద మంచులో ఆర్డ్‌నవీ ఇల్లు, కింద శ్రీధర్ పేరు. అపర్ణ నిలబడే తిరగేసింది. ఇసొబెల్ అధ్యాయంలో ఒక్క మాటా మార్చలేదు. చివరి పేజీలో కృతజ్ఞతలు. అవి శ్రీధర్ రాసి పంపాడని ఆమెకి అప్పటిదాకా తెలియదు. "నా శ్రీమతికి, ఆమె సహనానికి, అంతులేని టీకి" అని ఉంది. కనీసం పేరు లేదు. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. పుస్తకం మూసి, కాసేపు ఏ పని చేయాలో తోచక, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

మర్నాడు మధ్యాహ్నం శ్రీధర్ ఫోన్ పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. "ఐలీన్. నీతో మాట్లాడాలట. థాంక్స్ చెప్తుందిలే, రెండు ముక్కలు మాట్లాడు." ఫోన్ ఇచ్చి బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. మసక అద్దం తలుపది. అవతల అతని ఆకారం అలాగే నిలబడి ఉంది.

"అపర్ణా, మీ ఆయన ఇప్పుడే చెప్పారు, పేరు సరిగ్గా పలికానా?" అంది ఐలీన్. గొంతు మెత్తగా ఉంది. "ఆ రోజు జూమ్‌లో ఒక చెయ్యి చూశాను. గాజులున్న చెయ్యి, కాగితం జరుపుతూ. ఆ తరవాత మీ ఇంటినుంచి నాకొచ్చిన ఉత్తరాలన్నీ మొదట్నుంచీ మళ్లీ చదువుకున్నాను. పుస్తకం రెండో ముద్రణకి శుక్రవారం పంపిస్తున్నాం. అందుకని అడుగుతున్నాను. ఆర్డ్‌నవీ పని ఎవరు చేశారమ్మా?"

ఇన్నేళ్లకి ఒక మనిషి అడిగింది. అపర్ణ నోట్లో జవాబు సిద్ధంగా ఉంది, ఒక్క మాట, "నేను." అద్దం అవతల శ్రీధర్ గొంతు సవరించుకున్నాడు. బెదిరించడానికి కాదు పాపం, నిజంగానే గొంతులో ఏదో అడ్డం పడిందేమో. ఆమెకి హాల్లోని అత్తగారు గుర్తొచ్చారు. రాత్రి భోజనాల దగ్గర అతని మొహం ఎలా ఉంటుందో, ఆ మొహం ఎన్ని నెలలు అలాగే ఉంటుందో కళ్ళ ముందుకొచ్చింది.

"మా ఆయనే చేశారండీ," అంది. "నేను టీ ఇచ్చాను, అంతే."

ఐలీన్ "సరేనమ్మా," అని పెట్టేసింది.

శ్రీధర్ లోపలికొచ్చి ఆమె భుజం తట్టాడు. "మంచి పని చేశావు అప్పూ. నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసు. కొంచెం స్ట్రాంగ్‌గా టీ పెట్టవూ?"

టీ పెట్టింది. అతని చేతికి ఇచ్చింది. అత్తగారికి చక్కెర లేనిది, సుధేష్ణకి పాలు. అందరికీ అందాక, "పెరుగు తెస్తాను," అని చెప్పి కోటు వేసుకుని, మాస్కు పెట్టుకుని, పుస్తకం సంచిలో పడేసుకుని బయటికి వచ్చింది. షాపు దాటి వెళ్లిపోయింది. గ్రిఫీన్ పార్కులో సన్నగా జల్లు పడుతోంది, మనుషులు లేరు. తడి బెంచీ మీద కూర్చుని ఆమె మాస్కు తీసి వెక్కి వెక్కి ఏడ్చింది. శ్రీధర్ చెడ్డవాడు కాదు, అదే ఏడుపు. పోయిన ఎనిమిది నెలలు తిరిగి రావు, అదొక ఏడుపు. మెత్తగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పింది. ఎవరూ ఆమె నోరు నొక్కలేదు, తనే నొక్కుకుంది. నిజం చెప్పి ఇల్లు చేరాక ఏం జరుగుతుందో ఆమెకి బాగా తెలుసు. కేకలుండవు, మాటలే ఉండవు. "నా పరువు తీశావు" అన్న మాట మాత్రం బతికినంత కాలం ఉంటుంది.

కుక్కని తిప్పుతున్న ఒకాయన దూరంగా ఆగి, "ఆర్ యూ గ్రాండ్ దేర్?" అని, బాగానే ఉన్నారా అన్నట్టు అడిగాడు. బాగానే ఉన్నానన్నట్టు తలూపింది. అతను వెళ్లేదాకా ఆగి, కళ్లు తుడుచుకుని, పుస్తకం వెనక అట్ట మీదున్న ట్రస్టు నంబరు చూసి తన ఫోన్‌లో నొక్కింది. మొదటిసారి తప్పుపోయింది. రెండోసారి మోగింది.

"హలో?" అంది ఐలీన్.

"నేను అపర్ణనండీ. బయట పార్కులో ఉన్నాను, ఒక్కదాన్నే. మా ఆయన ఇక్కడ లేరు," అంది. "ఇందాక నన్నొకటి అడిగారు కదా. దయచేసి ఇప్పుడు అడగండి."