నాంపల్లి ఉడతల చారలు

శనివారం మధ్యాహ్నం రెండింటికి విద్యావతి వరండాలో చాప పరిచేది, నాగరత్నం చేటలో బియ్యం పట్టుకొచ్చి కూర్చునేది. బియ్యం ఏరడం పది నిమిషాల పని. కబుర్లకి మాత్రం సాయంత్రం దాకా పట్టేది. నాంపల్లి స్టేషను వెనక వీధిలో ఆ ఇల్లు విద్యావతిది. వెనక రెండు గదుల్లో, యాభై ఆరు చివర్లో ఏలూరు నుంచి వచ్చిన నాగరత్నం, ఆమె భర్త అమరేశ్వరరావు అద్దెకి ఉండేవారు.

కబుర్ల మధ్యలో నాగరత్నం ఉడత కథ చెప్పేది. స్వామి సముద్రం మీద వారధి కట్టడం, ఉడత ఒంటికి ఇసుక అంటించుకొచ్చి దులపడం, స్వామి ముచ్చటపడి మూడు వేళ్లతో దాని వీపు నిమరడం. విద్యావతి రాళ్లు ఏరి పారేస్తూ ఊఁ కొట్టేది. కథ అయ్యేసరికి పెరట్లో జామచెట్టు మీది ఉడతలకి మూడేసి చారలు తేలేవి. ఆ ఇంట్లో అంతే. పిల్ల ఉడతలు బోడి వీపుతో పుట్టేవి, కథ విన్నాక చారలు వచ్చేవి. ఏ పండగ హడావిడిలోనో ఒక శనివారం తప్పితే పెద్దవాటికి కూడా వెలిసిపోయేవి. పాలు పోసే బాలమల్లు చెట్టు వైపు చూసి, "ఈ వారం కత చెప్పుకోలేదా అమ్మా?" అని, పాలు పోసి తన దారిన పోయేవాడు.

అమరేశ్వరరావు ఆబిడ్స్‌లో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు. పురాణగాథల లక్షణాలని ఏటా పిల్లల చేత రాయించేవాడు. వాటికి కర్త ఉండడు, నోటిమాటగా వస్తాయి, ఊరికో తీరుగా ఉంటాయి, లోకంలో ఏది ఎందుకు అలా ఉందో చెబుతాయి. ఇంటికొచ్చి అదంతా భార్యకి వినిపిస్తే, "వినేవాళ్లుండాలని రాయించరేం?" అనేది. పాపం, ఆయన పుస్తకంలో ఆ ముక్క లేదు.

అరవై తొమ్మిదిలో ఊళ్లో గొడవలు మొదలయ్యాయి. ఆంధ్రా వాళ్లు వెళ్లిపోవాలని వీధుల్లో నినాదాలు. విద్యావతి తమ్ముడు శ్యామ్‌సుందర్ ఒక ఊరేగింపులో తల పగిలి దవాఖానలో పడ్డాడు. చూసొద్దామని నాగరత్నం రెండుసార్లు చెప్పులేసుకుంది, వీధిలో అరుపులు విని రెండుసార్లూ విప్పేసింది. మూడోనాడు నల్లా దగ్గర విద్యావతి బిందె ఎత్తుకుంటూ అనేసింది.

"మీరు రాకుంటే గిట్ల కాకపోతుండె."

"మేమేం ఊరికే ఉంటున్నామా? అద్దె కట్టే ఉంటున్నాం," అంది నాగరత్నం.

అన్న మరుక్షణం ఇద్దరికీ నాలిక కరుచుకోవాలనిపించింది. ఒక్కరూ కరుచుకోలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

నాగరత్నం పంతం కొద్దీ గోడకి కథ చెప్పి చూసింది. ఉడతలు ఇటు తల కూడా తిప్పలేదు. నెల తిరిగేసరికి ఒక్కదానికీ చార మిగల్లేదు. అన్నీ ఎలుకల్లా తిరుగుతున్నాయి.

చివరికి అమరేశ్వరరావు కాచిగూడలో ఇల్లు చూశాడు. ఆదివారం పొద్దున్నే బండి వచ్చింది. మంచాలు, ట్రంకు పెట్టెలు ఎక్కాయి. నాగరత్నానికి వెళ్లాలని లేదు. ఉండమనాల్సిన మనిషి మాట్లాడదు. గదులు ఊడ్చి పెరట్లోకి వస్తే, బోడి వీపు ఉడత పిల్ల ఒకటి గోడ మీంచి ఆమెనే చూస్తోంది. నాగరత్నం మెట్టు మీద కూలబడి, "స్వామి వారధి కడుతున్నాడట..." అని మొదలుపెట్టింది.

వంటింటి కిటికీలోంచి విద్యావతి మాట వినిపించింది.

"మా అవ్వ గట్ల చెప్పకపోతుండె."

"మీ అవ్వ కూడా చెప్పేదా? నాకెప్పుడూ చెప్పలేదేం వదినా?"

"పదమూడేండ్లల్ల నువ్వు అడిగినవా?"

పదమూడేళ్లుగా తను చెబుతూనే ఉంది, ఆమె ఊఁ కొడుతూనే ఉంది. నాగరత్నం సిగ్గుతో తల దించుకుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పండి."

విద్యావతి బయటికొచ్చి మెట్టు మీద కాస్త ఎడంగా కూర్చుంది.

"అమ్మ లంకల ఒక్కతే కూసోని ఏడుస్తుండెనట."

"ఊఁ," అంది నాగరత్నం.

"ఉడత దినాం ఒక పండు తెచ్చి ఆమె ఒళ్ల పెట్టేదట. ఎవ్వరు రాకున్నా గా ఉడత మాత్రం వచ్చేదట."

"ఊఁ." నాగరత్నం కళ్లు నిండాయి.

"ఒకనాడు అమ్మ కండ్లు తుడుసుకున్న రెండు వేళ్లతోనే దాని వీపు నిమిరింది. గా తడి గీతలే."

ఉడత పిల్ల వీపుకి అటొకటి ఇటొకటి తెల్లటి చారలు తేలాయి.

"తమ్ముడెలా ఉన్నాడు వదినా? రావాల్సింది. భయపడ్డాను."

"కుట్లు ఇప్పిన్రు, మంచిగనే ఉన్నడు. నేను గూడ కోపంల అనేసిన. ఇగ నీది చెప్పు."

నాగరత్నం చెప్పింది, విద్యావతి ఊఁ కొట్టింది. రెండు చారల నడుమ మరో మూడు వచ్చాయి. అమరేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఐదు.

"ఎండెక్కుతుంది సారూ, కదలాల్నా వద్దా?" బండివాడు వీధిలోంచి కేకేశాడు.

విద్యావతి లేచి వెళ్లింది. ఎవరినీ అడక్కుండా బండి మీంచి ట్రంకు పెట్టెని కిందికి లాగసాగింది.

"మరి కాచిగూడ వాళ్లకి ఏం చెప్పను?" అన్నాడు అమరేశ్వరరావు బిక్కమొహంతో.

నాగరత్నం పరుగున వెళ్లి పెట్టె రెండో కొస అందుకుంది.

"మా ఆవిడ ఇంకా సగం కథే విన్నదని చెప్పండి."