తొడ నుంచి తీసిన పట్టీ

అతను ఎలక్ట్రీషియన్. భార్య ఇంట్లోనే చేతిమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఓ ప్రమాదంలో ఆమెకు నడుము కింద చచ్చుబడి ఏళ్లయింది. అప్పటి నుంచి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఆమెను ఎత్తి కూర్చోబెట్టేది అతనే. "మూట బరువెక్కిందే! నాకు తెలీకుండా ఏం తింటున్నావ్?" అని ఏడిపిస్తూ ఎత్తేవాడు.

నున్నటి చెక్క మీద జారి, ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోకి మారడం మొదట్లోనే ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. అతను లేనప్పుడు ఆమె ఒక్కతే చేసి చూసుకుంది. వచ్చింది. అయినా అతనితో "నావల్ల కావట్లేదండీ" అంది. రోజు మొత్తంలో అతను ఆమెను దగ్గరకు తీసుకునేది ఆ కాసేపే. అదీ పోతుందని భయం.

ఒకరోజు ఫ్యాను బిగిస్తుండగా అతని కుడిచెయ్యి ఉన్నట్టుండి వాలిపోయింది. మళ్లీ లేవలేదు. స్కానింగు చూసి డాక్టరు పెదవి విరిచాడు.

"భుజంలో కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్ ఎప్పుడో తెగి లోపలికి లాక్కుపోయింది. కండకి కొవ్వు పట్టేసింది. లాగి కుట్టినా నిలవదు. తొడ పక్కనుంచి గట్టి పొర కొంత తీసి, మడతలేసి, భుజం గూటికీ చేతి ఎముకకీ మధ్య పట్టీలా బిగిస్తాం. నొప్పి తగ్గుతుంది. పాత చెయ్యి మాత్రం రాదు. బరువులు ఎక్కువగా ఎత్తుతారా?"

"మా ఇంట్లో బరువులేముంటాయండీ" అన్నాడతను చటుక్కున.

పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న ఆమె తలెత్తలేదు.

ఆపరేషనయ్యి అతను ఇంటికొచ్చాక సాయానికి అతని అక్క వచ్చింది. మర్నాడు పొద్దున్నే తమ్ముడి భార్యను మంచం మీంచి ఎత్తబోతుంటే, "వద్దు వదినా, ఆ బీరువా వెనక చెక్క ఉంది, ఇలా ఇవ్వు" అంది. చెక్క వేసుకుని, చేతులు ఆనించి, కుర్చీలోకి జారింది.

"ఓసి నీ! ఎప్పుడు నేర్చావే?" అంది వదిన.

గుమ్మంలో అతను నిలబడి ఉన్నాడు. చెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది, తొడకు కట్టు. అక్క అడిగిందే అతనూ అడిగాడు, మెల్లగా. "ఈమధ్యే" అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"మొదట్లోనే" అంది.

ఆ రోజు అతను ఎడంచేత్తో తంటాలు పడుతూ తిన్నాడు, ఆమెను సాయం పట్టనివ్వలేదు. సాయంత్రం ఆమే కుర్చీ తోసుకుంటూ దగ్గరకెళ్లింది.

"తిట్టండి, పడతాను. మీరు దగ్గరకు తీసుకునేది ఆ కాసేపే, అదీ పోతుందని దాచాను. మీ చెయ్యి నేనే తినేశాను."

"చెయ్యి సంగతి వదిలెయ్. నొప్పి దాచుకుని ఎత్తింది నేనే. చెబితే ఎత్తనివ్వవని." అతను ఆమె వైపు తిరిగాడు. "ఎత్తడం మానేస్తే నిన్ను ముట్టుకోవడమే మానేస్తాననుకున్నావా? ఇన్నేళ్లూ నా గురించి అనుకున్నది ఇదా?"



నెలలు గడిచాయి. నొప్పి తగ్గింది, చెయ్యి నుదుటి దాకా లేస్తోంది. పైకప్పు పనులు వదిలేసి, ఇంట్లోనే బల్ల వేసుకుని మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేస్తున్నాడు. సాయంత్రాలు వచ్చి ఆమె మంచం మీద పక్కనే కూర్చుంటాడు. ఎడంచెయ్యి ఆమె భుజం చుట్టూ వేస్తాడు. ఆ చెయ్యి తనకు దక్కాల్సిందేనా అని ఆమెకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఓ పొద్దున అద్దం ముందు అతని చేతిలో దువ్వెన నడినెత్తి దాకా పోక ఆగిపోయింది.

"వంగండి" అని దువ్వెన లాక్కుంది.

"పాపిడి వంకరగా తీశావో, చూసుకో!" అని నవ్వుతూ తల వంచాడు.

ఆమె తిన్నగానే తీసింది. నవ్వు మాత్రం రాలేదు.