అరగని ముందు బ్రేకు

దుర్గ్ రవాణా ఆఫీసు వెనక మైదానంలో ఇన్‌స్పెక్టర్ సాహూ ఇచ్చిన కాగితాన్ని భాగ్యరేఖ రెండుసార్లు చదివింది. నెల కిందట సుపేలాలో పాత బళ్లమ్మే కొట్లో ముచ్చటపడి కొన్న ఎర్ర స్పోర్ట్స్ బైకు తాలూకు తనిఖీ కాగితం అది. బండికి పదిహేనేళ్లు నిండాయి కాబట్టి ఇంకో ఐదేళ్లు రోడ్డెక్కాలంటే ఈ పరీక్ష గట్టెక్కాలి. గట్టెక్కలేదు. హెడ్‌లైటు వెలుగు పైకి కొడుతోంది, చెయిన్ వదులు, ఎడమ ఇండికేటర్ వెలగదు, వెనక టైరు నున్నగా అయిపోయింది. అన్నిటికన్నా పైన ఎర్ర సిరాతో రాసింది మాత్రం ముందు బ్రేకు గురించి. అసలు పట్టడం లేదట.

ఆ బ్రేకు రాయిలా గట్టిగా ఉందని ఆమెకు తెలుసు. పాత బండి గదా, మెల్లగా దారికొస్తుందిలే అనుకుంది.

"స్పోర్ట్స్ బైకులు రోజూ ఫెయిల్ చేస్తుంటాను," అన్నాడు సాహూ హిందీలో, బండి చుట్టూ మరోసారి తిరుగుతూ. "సైలెన్సర్ మార్చేస్తారు, అద్దాలు పీకేస్తారు, నంబరు ప్లేటు కనపడకుండా పైకి మడిచేస్తారు. మీ బండికి అవేం లేవు. అద్దాలు రెండూ కంపెనీవే. కానీ బ్రేకులే తలకిందులుగా ఉన్నాయి. వెనకది అరిగి అరిగి ఇనుము తేలింది. ముందుది ఎవరూ ముట్టుకున్నట్టే లేదు. ఇంతకు ముందు ఎవరు నడిపారు?"

"తెలీదు సార్."

"తెలిస్తే నాకూ చెప్పండి," అన్నాడాయన నవ్వుతూ.

భాగ్యరేఖ ఉక్కు ప్లాంటులో రైలు పట్టాల తనిఖీ విభాగంలో పనిచేస్తుంది. కంటికి కనపడని పగుళ్లను యంత్రం పెట్టి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. పగులు ఎక్కడుందో చెప్పేసి చేతులు దులుపుకునే రకం కాదు. అది ఎందుకొచ్చిందో తేలేదాకా ఆమెకు అన్నం సయించదు. అలాంటి మనిషి చేతికి సాహూ ఆ ప్రశ్న ఇచ్చి పంపాడు.

మెకానిక్ విక్రమ్ ముందు చక్రం ఊడదీసి ఈల వేశాడు. "దీదీ, ఇవి చూడండి. బండితో కంపెనీ ఇచ్చిన బ్రేకు ప్యాడ్లే. మీద అచ్చేసిన నంబరు కూడా చెరగలేదు. వాడక వాడక లోపల పిస్టన్లు బిగుసుకుపోయాయి. వెనకవి ఎన్నిసార్లు మార్చారో, ఈ బోల్టుల తలలు చూడండి, అరిగి గుండ్రంగా అయిపోయాయి."

"మీటరు ఎంత తిరిగింది భయ్యా?"

"డెబ్బై వేలు దాటింది."

డెబ్బై వేల కిలోమీటర్లు ముందు బ్రేకు నొక్కకుండా! భాగ్యరేఖ వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చుంది. నడిమధ్య మాత్రమే అరిగింది, రెండు అంచులూ కొత్తవాటిలా ఉన్నాయి. అంటే ఈ బండిని ఎవరూ మలుపుల్లో వాల్చి దూకించలేదు. ఏదో తిన్నని రోడ్డు మీద ఏళ్ల తరబడి పోయింది, వచ్చింది. ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. ఆ మనిషికి కుడిచేతి వేళ్లు లేవేమో! ప్లాంటులో అలాంటి ప్రమాదాలు ఆమె చూడనివి కావు.

పాత కాగితాల్లో మొదటి యజమాని పేరు సత్యరాజు, ఇల్లు సెక్టర్ 7 అని ఉంది. విడిభాగాలొచ్చేదాకా విక్రమ్ చక్రం తిరిగి బిగించి ఇచ్చాడు, ఆ శనివారం సాయంత్రం ఆ బండి మీదే నెమ్మదిగా వెతుక్కుంటూ వెళ్లింది.

తలుపు తీసిన సత్యరాజుకు అరవై దాటి ఉంటాయి. నమస్కారం పెడుతూనే ఆమె చూపు ఆయన కుడిచేతి మీదికి పోయింది. ఐదు వేళ్లూ ఉన్నాయి, పైగా మంచి పొడుగు వేళ్లు. ఆమె ముఖం చిన్నబోవడం చూసి ఆయన కంగారుపడ్డాడు.

"ఏటమ్మా, బండికేటైనా అయిందేటి?"

ఆమె సంగతంతా చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు. "నాను నడిపింది మూడు నెలలే తల్లీ. సరదాపడి కొన్నాను గానీ వంగి కూకుంటే నడుం పట్టేసింది. ఆ తరవాతంతా మా ఇంటావిడే. దెబోరా! ఒకపాలి ఇలా రా!"

వంటింట్లోంచి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చినామె పొట్టిగా, సన్నగా ఉంది. నందిని గనుల కాలనీ దవాఖానాలో నర్సుగా చేసి మొన్న వేసవిలోనే రిటైరైందట. ఇంటి నుంచి నందినికి పోనూ రానూ ఆ బండే. పొద్దున్నే బస్సు దొరక్కపోయేసరికి, మూల పడున్న బైకు మీద భర్త చేతే నేర్చుకుంది.

"మరి ముందు బ్రేకు ఎందుకు వాడలేదు ఆంటీ?"

దెబోరా ఒకసారి భర్త వంక చూసి, "రా, చూపిస్తాను," అంటూ బయటికి నడిచింది. బండి మీద కూర్చుని కుడిచెయ్యి హ్యాండిల్ మీద వేసి వేళ్లు చాచింది. ఆ చిన్న వేళ్ల కొసలు బ్రేకు లీవరును తాకీ తాకనట్టు తాకాయి, అంతే. వంచి లాగడానికి పట్టు దొరకదు.

"అందదమ్మా. మొదటిరోజే తెలిసింది. చెప్తే ఈయన బండి ముట్టుకోనివ్వరని ఊరుకున్నాను. కాలి బ్రేకుంది గదా."

సత్యరాజు నవ్వు ఆగిపోయింది. "పద్నాలుగేళ్లు... ఆ లారీల రోడ్డు మీద?"

"దూరం నుంచే చూసుకుని ఆపీదాన్ని. ఒక్కనాడైనా పడ్డానేటి?"

ఆయన దగ్గరికొచ్చి ఆ లీవరును తన పొడుగు వేళ్లతో పట్టి చూశాడు. వెనక్కొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. కుతూహలంతో వచ్చి ఒక ఇంట్లో దాచుకున్న మాటను బయటికి లాగానా అని భాగ్యరేఖకు అనిపించింది. దెబోరా మాత్రం నిమ్మళంగా టీ తెచ్చింది. ఆ తనిఖీలో తను బండి నడిపిన తీరు గురించి ఇంకేమేం పట్టుకున్నారో చెప్పమని పక్కనే కూర్చుంది. టైరు నడిమధ్యే అరిగిన సంగతి విని మురిసిపోయింది. నందిని రోడ్డు నిజంగానే గీత గీసినట్టుంటుందట.

మరుసటి వారం విక్రమ్ ముందు బ్రేకు బాగుచేసి, వెనక టైరూ ప్యాడ్లూ మార్చి, మిగతావన్నీ సరిచేశాడు. భాగ్యరేఖ వేళ్లు పొడుగే అయినా, దగ్గరికి జరుపుకునే వీలున్న పొట్టి లీవరు ఒకటి అడిగి వేయించుకుంది. ఆ బండి మళ్లీ పరీక్షకెళ్లిన రోజు దెబోరా కూడా వచ్చింది. సాహూ బండి నడిపి, గట్టిగా ఆపి, కిందికి దిగి సంతకం చేశాడు. ఎవరు నడిపారో భాగ్యరేఖ చెప్పినప్పుడు ఆయన పెన్ను మూయడం మరచిపోయి దెబోరా వంక చూశాడు.

ఆఫీసు బయట ఖాళీ స్థలంలో దెబోరా బండెక్కింది. భాగ్యరేఖ లీవరును దగ్గరికి జరిపి పెట్టింది. నాలుగు గజాలు పోయి దెబోరా లీవరు మీద వేళ్లు బిగించింది. బండి ముక్కు కిందికి వంగి, ఠక్కున ఆగింది. ఆమె ఉలిక్కిపడింది. మళ్లీ పోయింది, మళ్లీ ఆపింది. మూడోసారికి గట్టిగా నవ్వేసింది.

"ఇంత సుళువేటి దీనికి!"

బండి తిరిగి ఇచ్చేస్తూ దెబోరా, భాగ్యరేఖ చెయ్యి పట్టుకుంది. "రేపు చర్చి అయ్యాక ఖాళీయేనా తల్లీ? మాకో చిన్న బండి చూసిపెట్టాలి. నా వేళ్లకి అందీది. మా ఆయనే తొందర పెడతన్నారు."