పదకొండు గంటల ఫోన్

ఉపేందర్ ముఖం నేనెప్పుడూ చూడలేదు. మానుకోటలో అతనికి ఫోటో స్టూడియో ఉంది. వీడియోలు దాచే అతని కంప్యూటర్లో నాలుగు డిస్కులను ఒక్కటిగా నడిపే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది, అందులో డిస్కులతో మాట్లాడే డ్రైవర్ ప్రోగ్రాం రాసింది నేను. అతను ఒక డిస్కు పాడైతే కొత్తది పెట్టాడు. మిగతా వాటి నుంచి పాత డేటా అందులో నిండుతుండగా వీడియో తెరిస్తే చాలు, మెషీన్ బిగుసుకుపోతోంది.

జనగామలో మా కిరాణా హోల్‌సేల్ దుకాణం పైన ఒక్కదాన్నే ఉంటాను. మా ఆయన పోయి మూడేళ్లు. కింద మరిది, గుమాస్తాలు రోజంతా అరుస్తుంటారు, పైకి మాత్రం ఒక్కరూ రారు. కంపెనీ వాళ్లు మెయిల్‌లో తప్ప పలకరు. అందుకే రోజూ పదకొండింటికి ఉపేందర్ ఫోన్ చేసి "శ్రీవాణక్కా, మళ్ల ఆగింది" అంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పండగే. చాయ్ తాగావా అని కూడా అడిగేవాడు.

ఆ ఫోన్లు మొదలైన మూడో వారం, సోమవారం తప్పు దొరికింది. ఒక పని నడుస్తుండగా ఇంకోటి డేటాను ముట్టకుండా ప్రోగ్రాంలో తాళాలు ఉంటాయి. డిస్కు నింపే పని ఒక తాళం, వీడియో ఇచ్చే పని ఇంకో తాళం పట్టుకుని, నువ్వు వదిలితేనే నేను వదులుతానని నిలబడిపోతున్నాయి. రెండు పనులూ తాళాలను ఒకే వరుసలో తీసుకునేలా మార్చాను. ఆరంటే ఆరు లైన్లు. నా మెషీన్ మీద రోజంతా ఆగకుండా నడిచింది.

అయినా పంపలేదు. పంపితే ఇక ఆ ఫోన్ రాదు. మంగళవారం, బుధవారం ఇంకా వెతుకుతున్నానని అబద్ధమాడాను.

గురువారం అతని గొంతు నీరసంగా ఉంది. గంగారం దగ్గరి తండా నుంచి రాధాబాయి అనే అవ్వ మంగళవారం నుంచి రోజూ బస్సెక్కి వస్తోందట. చనిపోయిన కూతురి పెళ్లి వీడియో ఆ డిస్కుల్లోనే ఉంది. సాయంత్రం బస్సు దాకా కూర్చుని పోతోందట. ఇవాళా వచ్చింది.

"ఆమెకేం చెప్పాల్నో తెల్వక, మా అక్క తిండితిప్పలు మానుకొని దాని మీదనే కూసున్నదని చెప్పిన" అన్నాడు.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోన్ పెట్టగానే ఆ ఆరు లైన్లూ పంపాను.

శుక్రవారం కూడా పదకొండింటికే ఫోన్ వచ్చింది. మెషీన్ ఈసారి ఆగలేదట. వెనక పెళ్లి పాట, దానితో కలిసి అవ్వ సన్నటి గొంతు.

"మస్తు తిప్పల పెట్టిన అక్కా. ఇగ నీకు నా ఫోన్ల పరేషాన్ ఉండది."

దాచానని చెప్పడానికి నోరు రాలేదు.

"జర ఆ పాట అయ్యేదాంక పెట్టెయ్యకు తమ్మీ" అన్నాను.

ఫోన్ బల్ల మీద పెట్టినట్టున్నాడు. ఆ లంబాడీ భాష నాకు రాదు. చివరిదాకా విన్నాను. పాట అయిపోయింది, ఫోనూ కట్ అయింది.

శనివారం పదిన్నరకే చాయ్ పెట్టుకుని, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను.