మోటకు పోయిన బెల్టు

ఏసురత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి! మూడు రోజులు సెలవు పెట్టి హిందూపురం పోయాడు. తనతో మాటలు మానేసిన భార్య సుశీలమ్మ చేతి సంగటి తిని, తిరిగి రొద్దం వచ్చేసరికి తాను నడిపే జీపులో సీటు బెల్టులు లేవు. ఉన్నవి నాలుగు. డ్రైవరు సీటుది ఒక్కటే మిగిలింది. తక్కిన మూడింటిని ఎవడో మహానుభావుడు పానా పెట్టి, బోల్టులు విప్పి మరీ పట్టుకుపోయాడు.

ఆ మహానుభావుడు ఎవరో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. తోట బావి దగ్గర జీతగాడు కుళ్ళాయప్ప ఎద్దులు కట్టి నీళ్ళు తోడే మోట తోలుతున్నాడు. తెగిన మోట తాడును ముడేసి అతికిన చోట ఏసురత్నం బెల్టులు, ఇనుప బిళ్ళలతో సహా, ఎద్దుల వెనకాల తడుస్తూ ఆరుతూ ఊగుతున్నాయి.

"ఎవురు చెప్పినారప్పా నీకు ఈ పని చెయ్యమని?" అని అరిచాడు.

"సామే చెప్పినాడు. గట్టిగా ఉండాయి, మోటకైతే పదేండ్లు వస్తాయన్న్యాడు. నా మీద అరస్తావేందబ్బా?" అన్నాడు కుళ్ళాయప్ప.

సామి అంటే ఈరన్న. అరవై ఎకరాల వేరుశనగ భూమి, రెండు బావులు, ఊళ్ళో అందరికంటే పెద్ద గొంతు ఆయన ఆస్తి. నీళ్ళ సర్వేకు వచ్చిన దొరలు పని ముగించుకుని పోతూ జీపును వేలం వేస్తే పాడుకున్నాడు. ఏసురత్నం ఆ దొరల దగ్గర డ్రైవరు కాబట్టి జీపుతో పాటు వాడూ ఈరన్న దగ్గరికి వచ్చాడు. వచ్చిన మొదటి రోజే బెల్టు కట్టుకోమన్నాడు. ఈరన్న గయ్యిమన్నాడు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తూ మళ్ళీ అదే పాట పాడాడు.

"బతికుండే మనిషిని పాడె మీద శవాన్ని కట్టినట్టు కట్టేదేందిరా? శుభమా అని ఊరికి పోతా ఆ అపశకునమేంది? ఊరికే ఏలాడేది, మోటకన్నా పనికొచ్చింది."

"ప్రాణం పోతే మోట తెచ్చిస్తుందా సామీ?"

"నోరు శానా లేస్తాండాది రత్నం. తగ్గించుకో."

ఏసురత్నం తగ్గించుకోలేదు గానీ, అక్కడ నిలబడితే ఇంకేం అనేస్తాడో వాడికే తెలియదు. తిన్నగా బావి దగ్గరికి పోయాడు. కుళ్ళాయప్ప మొత్తుకుంటున్నా వినకుండా ఎద్దులను ఆపి, ముళ్ళు విప్పి రెండు బెల్టులు లాక్కున్నాడు. మూడోది గిలక మీద పడి నలిగి నలిగి పీచులు లేచింది. దాన్ని మోటకే వదిలేశాడు. రెండింటినీ ఉతికి ఆరేసి, వెనక సీటుకు బిగించాడు. ముందు, ఈరన్న కూర్చునే చోట మాత్రం రెండు బోల్టు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని మిగిలాయి.

ఇంత ఆత్రం ఎందుకంటే, శుక్రవారం ధర్మవరం పోవాలి. ఈరన్న ఒక్కగానొక్క కూతురు ఆదిలక్ష్మికి ఏడో నెల. కాన్పుకు పుట్టింటికి పిలుచుకు రావాలి. ఆమెతో పాటు నాలుగేళ్ళ కూతురు గౌరి వస్తుంది. ఆ పిల్ల వయసు తలుచుకుని ఏసురత్నం బెల్టుల బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించాడు. నాలుగేళ్ళు! సరిగ్గా నాలుగేళ్ళు!

శుక్రవారం ధర్మవరంలో, మగ్గాల చప్పుడు వినిపించే సందులో, అత్తగారు పసుపూ కుంకుమా ఇచ్చి ఆదిలక్ష్మిని జీపెక్కించింది. ఏసురత్నం బెల్టు అందించాడు. ఆమె దాన్ని పొట్ట మీదుగా చుట్టుకోబోయింది.

"ఆడ కాదు తల్లీ! కడుపు మీద పడితే బిడ్డను నొక్కుతాది. పొట్ట కింద, తొడల మొదట్లో పడాల. ఆఁ, అట్లా. మెలిక పడకూడదు. బిగువుగా లాగు."

"ఇదేందో శానా నేర్చినావు రత్నం!" అని నవ్విందామె.

నవ్వడం వాడి వల్ల కాలేదు. గౌరిని తల్లి పక్కన వేరే కూర్చోబెట్టాడు. పిల్ల పొట్టిది, బెల్టు కడుపు మీదికి ఎక్కుతోంది. దుప్పటి మడిచి కింద వేసి ఎత్తు చేశాడు. అప్పుడు నడుము కింద ఎముకల మీదికి సరిగ్గా వచ్చింది. రెండుసార్లు లాగి చూశాడు. చాలక మూడోసారి కూడా లాగాడు. ఈరన్న ముందు సీట్లో విసుక్కుంటూ, "ముహూర్తం దాటిపోతాండాది, పెండ్లికూతుర్ని చేసినట్టు చేస్తాండావే!" అన్నాడు.

ఊరు దాటి ఐదారు మైళ్ళు పోయారో లేదో, గౌరి తాత ఒళ్ళోకి వస్తానని ఏడుపు లంకించుకుంది. మనవరాలు ఏడిస్తే ఈరన్నకు లోకం కనబడదు. వెనక్కి తిరిగి, బిళ్ళ ఊడదీసి, పిల్లను ఎత్తి ముందుకు తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

ఏసురత్నం జీపును మెల్లగా పక్కకు తీశాడు. ఇంజను ఆపాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"పాపను ఎనక్కి పంపు సామీ. ల్యాకుంటే బండి కదల్దు."

"ఏమిరా?" ఈరన్న కళ్ళెర్రజేశాడు. "నా బండి, నా మనవరాలు, నా ఒడి. నడమంత్రంగా నీకేం నొప్పి వచ్చెరా?"

"పంపు సామీ."

"పనిలోనుంచి తీసేస్తా. ఈడనే దిగి నడుచుకుంటా పో."

"పోతా. తాళంచెవి మాత్రం నాతోనే వస్తాది."

ఎండ నెత్తి మీద పేలుతోంది. దారిన పోయే ఎడ్లబండి వాడు ఆగి వినోదం చూశాడు. ఆదిలక్ష్మి, "పోనీలే నాయనా, పాపను నాకియ్యి" అని బతిమాలింది. డ్రైవరు మాటకు తలొంచితే ఈరన్న ఈరన్న ఎట్లా అవుతాడు? కానీ ఎంతసేపని ఎండలో కూర్చుంటాడు? చివరికి, తానేదో పెద్ద మనసు చేసుకున్నట్టు, గొంతు తగ్గించాడు.

"సరే, నీ మాటే కానీ. ఎనకదాన్ని ఒకటి విప్పి ఈడ బిగించు. నాకూ పాపకూ కలిపి ఒకటే చుట్టు. ఇద్దరికీ భద్రం. సరిపాయ గదా?"

అంతే! ఏసురత్నం దభీమని స్టీరింగు మీద గుద్దాడు. గౌరి జడుసుకుని తాతను కరుచుకుంది.

"కలిపి చుట్టల్లా? కలిపి! ఆ పాడు పని ఒకసారి చేసినా సామీ, ఈ చేతుల్తోనే చేసినా! ఒక మనిషికి ఒకటే అని దొర నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పినాడు. నేను విన్న్యానా? ఇన్లే. హిందూపురం సంతకు పోతా, మా సుశీల ఒళ్ళో మా రూతును కూచోబెట్టి ఇద్దరికీ కలిపి చుట్టినా. బిగించి మరీ చుట్టినా, భద్రమని! ఎద్దుల బండి అడ్డమొచ్చె. బ్రేకు కొడితి. సుశీల బరువంతా ఎనకనుంచి బిడ్డ మీద పడె, ముందర బెల్టు. నడమ నలిగిపాయ సామీ నా బిడ్డ. సుశీలకు గోరంత దెబ్బ తగల్లే. రూతు రెండు దినాలు బతికింది. నాలుగేండ్లు దానికి. మూడేండ్లాయ, నా పెండ్లాము నాకు కూడు పెడతాది గానీ నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడదు. మాట్లాడేదానికేముండాది? చంపింది నేను!"

ఎడ్లబండి వాడు ఎద్దులను అదిలించుకుని పోయాడు. ఆదిలక్ష్మి చేతులు చాచి తండ్రి ఒళ్ళోంచి పిల్లను లాక్కుంది. దుప్పటి సర్దింది. బిళ్ళ తగిలించి, నడుము కిందికి లాగి, "చూడు రత్నం, సరిగ్గా ఉండాదా?" అంది. వాడు దిగి వచ్చి మూడుసార్లు లాగి చూసి మళ్ళీ ఎక్కాడు. ఈరన్న రోడ్డు వైపు మొహం తిప్పుకుని బిగుసుకుని కూర్చున్నాడు. తప్పని ఒప్పుకుంటే నోట్లో ముత్యాలు రాలిపోవూ!

పెనుకొండ ఇంకో మైలుందనగా, మలుపులో మేకల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఏసురత్నం బ్రేకు తొక్కాడు. కంకర మీద చక్రాలు జారాయి. జీపు పక్కకు జరిగి మైలురాయిని గుద్దుకుని ఆగింది.

వెనక్కి తిరగడానికి వాడికి భయమేసింది. తిరిగాడు. గౌరి బెల్టులో ముందుకు వంగి, గుక్కపట్టి ఏడుస్తోంది. ఒంటి మీద గీత లేదు. ఆదిలక్ష్మి రెండు చేతులతో పొట్ట పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపటికి, "కదుల్తాండాడు రత్నం, లోపల కదుల్తాండాడు" అంది.

ఈరన్న నుదురు ముందు అద్దాన్ని పగలగొట్టింది. పై పెదవి చీలింది. రొమ్ము ఎదుటి ఇనుప రేకును గుద్దుకుని, ఆ రేకు సొట్టపోయింది. పెనుకొండ ఆసుపత్రిలో తొమ్మిది కుట్లు వేశారు. పక్కటెముక ఒకటి విరిగిందన్నారు. కూతురినీ పరీక్షించి, బిడ్డ క్షేమమన్నారు.

ఆసుపత్రి బయట ఆపిన జీపు దగ్గరికి తిరిగి వచ్చాక ఈరన్న ఎక్కలేదు. తలకు కట్టుతో ఆ సొట్టనే చూస్తూ నిలబడ్డాడు. సొట్ట మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీసి తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. రెంటికీ మధ్య ఎంత ఎడముందో కొలిచినట్టు చేతిని అటూ ఇటూ కదిపాడు. నాలుగేళ్ళ పిల్ల పట్టేంత చోటు అది. సీటు మీద కూలబడి, పక్కనంతా తడిమాడు. బోల్టు రంధ్రాలు రెండూ వేళ్ళకు తగిలాయి.

"నాకూ కట్టప్పా రత్నం" అన్నాడు, చీలిన పెదవితో. "నాదేది?"

ఏసురత్నం కోపం ఇంకా చల్లారలేదు. ఈ జన్మకు చల్లారేది కూడా కాదు. బెల్టు తగిలించుకుని ఇంజను తిప్పాడు.

"మోటకుండాది సామీ."